చెడు కబురు మోసే మనిషి

జూలై 1

మా దేశపు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుని తీసుకుని, టోర్నమెంటు కోసం డెన్మార్క్ చేరాం. సముద్రం ఒడ్డున హోటల్, రోజంతా ఒకటే గాలి. మా బ్రౌన్ చీజ్ పెట్టె ఓస్లో విమానాశ్రయంలోనే ఉండిపోయిందట. పిల్లలు నన్ను చూసిన చూపు చూస్తే కప్పు పోగొట్టింది నేనే అనుకోవాలి. దగ్ని మసాజ్ బల్ల విప్పుతూ, "ఇటలీ చేతిలో ఓడితే క్షమిస్తారేమో గానీ, పొద్దున రొట్టె మీదకి చీజ్ లేకపోతే నిన్ను బతకనివ్వరే టోర్గున్," అంది. దగ్నిది మా దేశంలో ఉత్తరాది. ఆమె నోట బూతు లేకుండా మాట వచ్చిందంటే ఒంట్లో బాగాలేదని అర్థం. ఇవాళ బాగానే ఉంది. ఆ బూతులు ఇక్కడ రాయడం లేదు, అంతే.

నిద్ర బాగానే పడుతోంది. గాలికి కళ్ళు కాస్త నీరు కారుతున్నాయి.

జూలై 2

బస్సులో నా పక్క సీట్లో రూనార్‌ని కూర్చోమన్నాను. ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. మొహమాటపడుతూ కూర్చున్నాడు, ఆ తర్వాత మైదానం చేరేదాకా నోరు మూయలేదు. బెర్గెన్ వాడు మరి. ఆ ఊళ్ళో వానా ఆగదు, మాటా ఆగదు. చేతిలో ఎప్పుడూ ట్యాబ్, అందులో ఎవరెంత పరుగెత్తారో రంగురంగుల గీతలు. మంచివాడు. తెలివైనవాడు. ఏప్రిల్‌లో ఫెడరేషన్ వాళ్ళు హడావుడిగా వెతికి తెచ్చిన సహాయ కోచ్. ఇంతకన్నా మంచివాడు దొరకడని నేనే చెప్పాను.

అతనికి ముందు ఆ పని చేసిన ఆర్విద్ మాట్లాడేవాడు కాదు. పంతొమ్మిదేళ్ళు ఆ సీట్లో కూర్చుని కిటికీలోంచి ఆవుల్ని చూశాడు. ఎప్పుడైనా "ఇక్కడ గడ్డి బావుంది" అనేవాడు. అతను రైతు కాదు. ఆ గడ్డి సంగతి ఎందుకో నాకెప్పుడూ తెలియలేదు.

విలేకరులు మళ్ళీ అడిగారు, ఆర్విద్ లేకుండా తొలి టోర్నమెంటు ఎలా ఉందని. ఆట గురించి అడగండి అన్నాను. ఈస్టర్ సెలవుల్లో కొండ మీద తన కాబిన్ దగ్గర, స్కీ బాటలో గుండె ఆగి పడిపోయాడు. అది అందరికీ తెలిసిందే. ఇంకా చెప్పడానికేముంది?

అంత్యక్రియలకు జట్టులోంచి ఐదుగురే వచ్చారు. సీజన్ మధ్యలో ఉన్నారు, తీరిక ఉండదు. నేనేమీ అనలేదు. అనను కూడా.

జూలై 4

రేపు ఇటలీ.

ఆడే పదకొండుమందినీ తేల్చేశాను. తేల్చడం నాకెప్పుడూ కష్టం కాదు. కష్టమంతా ఆ తర్వాతే. ఇన్నేళ్ళూ పేర్లు ఆర్విద్‌కి చెప్పేదాన్ని. అతను ఒక్కో గది తలుపూ తట్టి, ఎవరు ఆడటం లేదో వాళ్ళకి చెప్పి వచ్చేవాడు. అక్కడ ఏం మాట్లాడేవాడో నేను అడగలేదు. తిరిగొచ్చి "అయింది" అని కాఫీ పోసుకునేవాడు. తర్వాత భోజనాల దగ్గర నేను ఆ పిల్లల భుజం మీద చెయ్యి వేస్తే నవ్వేవాళ్ళు. జట్టంతటికీ నేనంటే ప్రాణమని పత్రికలు రాశాయి. ఒకటైతే నన్ను ఏకంగా దేశానికే అమ్మని చేసింది. చదివి నవ్వాను. కత్తిరించి దాచుకున్నాను కూడా.

ఈసారి రూనార్ చేత పేర్లు ఫోన్ గ్రూపులో పెట్టించాను. ఎవరికీ మొహమాటం ఉండదు.

దగ్ని విని, "ఫోన్‌లోనా? మా ఊళ్ళో చేప పాడైందని చెప్పడానికి కూడా మనిషి వస్తాడే," అంది.

"ఈ కాలం పిల్లలు ఫోన్‌లోనే బతుకుతున్నారు దగ్నీ."

"అవునవును. రేపు చావడం కూడా అందులోనే కానిద్దాం."

జూలై 5

ఓడాం. 2–1.

రెండు గోల్సూ సిన్నె పక్కనుంచే. మొదటిదానికి ఆమె వెనక్కి తిరిగేలోపు ఇటలీ పిల్ల దాటిపోయింది. రెండోసారి తిరగనే లేదు, చెయ్యెత్తి ఆఫ్‌సైడ్ అని అరిచింది. ఆఫ్‌సైడ్ కాదు. ముప్పై ఆరేళ్ళ డిఫెండర్ చెయ్యెత్తిందంటే కాళ్ళు రాలేదని అర్థం.

సిన్నె నా కెప్టెన్. నేను ఈ ఉద్యోగంలో చేరిన ఏడాది జట్టులోకి పిలిచిన మొదటి కొత్తపిల్ల. యేరెన్‌లో బంగాళాదుంపల రైతు కూతురు. అప్పుడు సిగ్గుపడుతూ చెయ్యి కలిపితే నా వేళ్ళు నలిగాయి. ఇదే ఆఖరి టోర్నమెంటని తనే చెప్పేసింది. కప్పు రాకపోయినా ఫర్వాలేదు, మైదానంలో నిలబడి ముగించాలి, బెంచీ మీద కూర్చుని కాదు, అదొక్కటే కోరిక అని టీవీలో నవ్వుతూ అంది.

ఆ ఇంటర్వ్యూ నేను రెండుసార్లు చూశాను. ఎందుకో.

జూలై 6

వాన. చీజ్ వచ్చింది.

జూలై 9

ఐస్‌లాండ్ మీద గెలిచాం, 1–0. గోల్‌కీపర్ యోరున్ చేతుల పుణ్యం. సిన్నెని దాటి వచ్చిన బంతులన్నీ ఆమె ఒక్కతే ఆపింది. ఆట అయ్యాక, "నాకు జీతం పెంచండి, ఇవాళ ఇద్దరి పని చేశాను," అని అరిచింది. అందరూ నవ్వారు. సిన్నె కూడా నవ్వింది గానీ ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు.

తర్వాత రూనార్ ట్యాబ్ పట్టుకుని వచ్చాడు.

"చూడు టోర్గున్, ఈ ఎర్ర గీత సిన్నెది. గంట దాటాక ఎలా పడిపోతోందో..."

"నాకు కళ్ళున్నాయి రూనార్."

"అయితే బెల్జియం మీద తిరిల్ ఆడాలి. ఆ పిల్ల పరుగెత్తితే గాలికే ఆయాసం వస్తుంది."

"తెలుసు."

"మరి సిన్నెకి నువ్వు చెబుతావా, నేను..."

"నేనే చెబుతాను."

అతను హమ్మయ్య అనుకున్నాడు. పైకి అంతగా తెలియనివ్వక్కర్లేదు.

బెల్జియంతో ఆట పదమూడున. గెలిస్తే క్వార్టర్ ఫైనల్, లేకపోతే ఇంటికి. తిరిల్‌నే ఆడించాలి, అందులో నాకు సందేహం లేదు. సిన్నెకి చెప్పడం రెండు నిమిషాల పని.

జూలై 10

పొద్దున టిఫిన్ దగ్గర సిన్నె నా ఎదురుగా కూర్చుంది. చెబుదామని నోరు తెరిచాను. డెన్మార్క్ వాళ్ళు పెట్టే ఊరగాయ చేప గురించి మాట్లాడాను. చక్కెర మరీ ఎక్కువ అన్నాను. ఆమె అవునంది.

మధ్యాహ్నం ఆమె గది దాకా వెళ్ళాను. లోపల ఫోన్‌లో నవ్వుతోంది. వాళ్ళ నాన్న పడవలో వస్తున్నాడట, కొత్త దుంపలు తవ్వే రోజుల్లో పొలం వదిలేసి, కూతురి ఆట చూడటానికి. నవ్వుతున్న మనిషి తలుపు తట్టడం మర్యాద కాదు. వచ్చేశాను.

సాయంత్రం దగ్ని పట్టుకుంది.

"చెప్పావా?"

"సమయం చూసి చెబుతాను."

"ఏ సమయమే? రోజూ దాని కాళ్ళు నా చేతుల్లో ఉంటాయి. ఆడతానా ఆడనా అని నన్నడుగుతోంది. ఏం చెప్పను?"

"మర్దనా చెయ్యి, మాట్లాడకు."

ఆమె అన్నది రాయను. అలాంటి మాట పోలీసుని అన్నా ఉత్తరాది వాళ్ళకి చెల్లుతుందేమో గానీ, కోచ్‌ని అనకూడదు.

రేపు చెబుతాను. విలేకరుల సమావేశం అవ్వగానే. అప్పుడైతే తీరిగ్గా ఉంటుంది.

జూలై 11

ఒక్కసారి పూర్తిగా రాసేస్తాను. మళ్ళీ దాని గురించి ఆలోచించను.

కోరె హెల్లాన్ ముందు వరసలో ఉన్నాడు. ఎన్నో ఏళ్ళుగా మా వెంట తిరుగుతున్న విలేకరి. చెడ్డవాడేం కాదు. ప్రశ్న మెత్తగా వేస్తాడు, వేశాక మాత్రం వదలడు.

"ఎల్లుండి సిన్నె ఆడుతోందా?"

"పేర్లు రేపు చెబుతాం."

"అంటే ఆడటం లేదా?"

"రేపు అన్నాను కోరె."

"సరే, రేపే. ఒకవేళ సిన్నె ఆఖరి ఆట అయిపోయిందే అనుకుందాం. ఆమెకి ఏం చెబుతావు టోర్గున్?"

ఇలాంటప్పుడు బల్ల కింద నా కాలు తొక్కే మనిషి ఒకడుండేవాడు. రూనార్ ట్యాబ్ చూసుకుంటున్నాడు. దీపాలు నేరుగా కళ్ళలో పడుతున్నాయి. చాలా అలసటగా ఉంది. ఏదో ఒక మంచి మాట అని లేచిపోదామనుకున్నాను.

"అన్నిటికీ థాంక్స్, సిన్నె," అన్నాను.

కోరె రాస్తున్నవాడల్లా ఆగిపోయాడు. వెనక ఎవరో అమ్మాయి "అయ్యో" అంది. అప్పుడు గానీ నా చెవికి నా మాట వినపడలేదు.

మాది థాంక్స్‌ల దేశం. తిన్నాక భోజనానికి థాంక్స్. మళ్ళీ కలిస్తే మొన్నటికి థాంక్స్. ప్రాక్టీసు ముగిస్తే ఇవాళ్టికి థాంక్స్. చిత్తుగా ఓడినా సరే, చెయ్యి కలిపి ఆటకి థాంక్స్. ఏది ఎప్పుడనాలో ఇక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు. ఒక్క 'అన్నిటికీ థాంక్స్' మాత్రం బతికున్న మనిషికి ఎవరూ చెప్పరు. అది సమాధి రాయి మీద చెక్కే మాట. పూలచక్రం రిబ్బను మీద రాసే మాట. ఏప్రిల్‌లో ఫెడరేషన్ వాళ్ళు ఫోన్ చేసి ఆర్విద్ పూలచక్రం మీద ఏం రాయించమంటావని అడిగితే, అందరూ రాయించేదే రాయించండి అన్నాను. అదే రాయించారు. చర్చిలో రెండు గంటల సేపు నా కళ్ళ ముందు ఆ రిబ్బనే ఉంది.

పిల్లలంతా భోజనాల హాల్లో టీవీ ముందే ఉన్నారు. సిన్నె కూడా. తను ఆడటం లేదన్న సంగతీ, తను చచ్చిపోయిన సంగతీ ఆమెకి ఒకేసారి తెలిశాయి.

జూలై 11, సాయంత్రం

అంత పెద్ద విషయమేమీ కాదు. నోరు జారింది, అంతే. ఎవరికి జారదు?

కాలు జారితే తీసుకోవచ్చు. నోరు జారితే తీసుకోలేం.

యేరెన్‌లో ఆమె క్లబ్బు గేటు ముందు ఎవరో వెక్కిరింతకి కొవ్వొత్తులు వెలిగించారట. చూసినవాళ్ళు వెక్కిరింతని తెలియక నిజంగానే పూలు తెచ్చి పెడుతున్నారట. ఒక పత్రిక ఆమె ఫోటో చుట్టూ నల్ల అంచు వేసింది. దేశమంతా పగలబడి నవ్వుతోంది. నవ్వనివాళ్ళు నన్ను తిడుతున్నారు.

వాళ్ళ నాన్న సంగతి దగ్ని చెప్పింది. పడవలో ఎవరో పెద్దమనిషి ఆయన్ని గుర్తుపట్టి, టోపీ తీసి, "మీ అమ్మాయి గురించి విన్నాను" అన్నాడట. నడి సముద్రంలో ఫోన్ అందదు. ముసలాయన పడవ నడిపేవాళ్ళ గది తలుపులు రెండు చేతులా బాదాడట, నా కూతురికి ఏమైందో కనుక్కోండి అని. వాళ్ళు కనుక్కుని చెప్పేదాకా అక్కడే నేల మీద కూర్చున్నాడట.

సిన్నె తలుపు తియ్యలేదు. నేను తట్టాను. నిజంగానే తట్టాను.

జూలై 12

పొద్దున టిఫిన్‌కి సిన్నె నల్ల స్వెట్టరు వేసుకుని వచ్చింది. హాల్లో చెంచా చప్పుడు లేదు. యోరున్ లేచి నిలబడి, "జరగండే, శవం వస్తోంది," అంది.

"శవానికి కాఫీ పొయ్యండి. చక్కెర దండిగా వెయ్యండి, ఇంక లావైతే మాత్రం ఎవరికి బాధ?" అంది సిన్నె.

పిల్లలు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. తిరిల్ అయితే బల్ల కిందకి జారిపోయింది. నేనూ నవ్వాను. సిన్నె నా వంక చూసి నవ్వడం మానేసింది. కాఫీ తీసుకుని వెళ్ళిపోయింది.

ప్రాక్టీసు అయ్యాక బట్టలు ఆరేసే గదిలో దొరికింది. బూట్లు సంచిలో సర్దుతోంది.

"ఎక్కడికి?"

"నాన్నతో సాయంత్రం పడవకి వెళ్ళిపోతున్నా. ఆయన ఇంకా తేరుకోలేదు."

"సిన్నె, నోరు జారిందే. నిన్ను అనాలని కాదు."

"తెలుసు. నన్ను కాదు, ఆర్విద్‌ని అన్నావు. నీ మొహం చూస్తే అర్థమైంది." బూటు లేసు చుడుతూ అంది. "దానికి నాకు కోపం లేదు. దానికి నేను నవ్వేశాను కదా. ముందు నా దగ్గరికి రాలేదు, అదీ నా బాధ. పంతొమ్మిదేళ్ళు నీ కింద ఆడాను. ఆడటం లేదే అని ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాక, కూర్చోబెట్టి ఊరగాయ చేప గురించి చెప్పావు!"

"ఆ పని ఎప్పుడూ ఆర్విద్ చేసేవాడు. నాకు చేతకాదు. వాడుంటే వచ్చి చక్కగా చెప్పేవాడు."

"చక్కగానా?" సిన్నె నవ్వింది. "పోయినవాణ్ణి అనకూడదు గానీ, ఆ ముసలాడు నన్ను ఏడిపించినట్టు ఎవరూ ఏడిపించలేదు. మోకాలి ఆపరేషన్ తర్వాత స్వీడన్ మీద ఆడటానికి నేను రెడీ. నువ్వు సరేనన్నావు. వాడే పడనివ్వలేదు."

"ఎవరు చెప్పారు నీకు?"

"వాడే చెప్పాడు. ప్రతిసారీ అదే పాట. తలుపు తడతాడు, లోపలికి రాడు, గుమ్మంలోనే నిలబడతాడు. 'టోర్గున్ నిన్ను ఆడించాలంది. నేనే వద్దన్నాను. తిట్టాలనుంటే నన్ను తిట్టు.' తిట్టేవాళ్ళం. స్వీడన్ అప్పుడు నేను బూటు పెట్టి కొట్టాను, చెవికి తగిలింది. వంగి బూటు తీసి గుమ్మం పక్కన పెట్టి పోయాడు. అందుకే కదా అంత్యక్రియలకి ఎవరూ రాలేదు. నేనొచ్చింది కూడా నీ మొహం చూసే, వాడి కోసం కాదు."

నేను బల్ల మీద కూర్చుండిపోయాను. తడి బట్టలు ఉన్నాయి దాని మీద, చూసుకోలేదు.

"స్వీడన్ మ్యాచ్‌కి ఆర్విద్ నిన్ను ఆడిద్దామన్నాడు," అన్నాను. "నేను వద్దన్నాను."

సిన్నె లేసు చుట్టడం ఆపింది.

"ఆ ఒక్కసారేనా?"

"ఎప్పుడూ నేనే. అతను ఎవరినీ తీసెయ్యమని అనలేదు. ఒక్కరిని కూడా."

ఆరబెట్టే యంత్రం ఒకటి తిరుగుతూనే ఉంది. తర్వాత, "బూటు పెట్టి కొట్టాను టోర్గున్," అంది, నన్ను కాదు, ఆ సంచిని చూస్తూ. "బూటు పెట్టి కొట్టాను మనిషిని."

నాకు ఇంకేం చెయ్యాలో తోచలేదు. చెప్పాల్సింది చెప్పేశాను.

"రేపు నువ్వు ఆడటం లేదు సిన్నె. తిరిల్ ఆడుతుంది. నీ కాళ్ళు అందుకోవడం లేదు. నిర్ణయం నాది."

"నా కాళ్ళ సంగతి నాకు తెలియదా?" కళ్ళు తుడుచుకుంది. "మైదానంలోనే అయిపోతే బావుండుననుకున్నా. సర్లే."

"ఉంటావా, వెళ్ళిపోతావా?"

"వాళ్ళకి కూడా చెప్పు. ఆర్విద్‌ని తిట్టినవాళ్ళందరికీ. చెబితే ఉంటా."

"రేపు ఆట పెట్టుకునా?"

"నీ దగ్గర ఎప్పుడూ ఇదే మాట. సమయం కాదు, సమయం కాదు."

జూలై 12, మళ్ళీ

బూదిల్‌కి ఫోన్ చేశాను. ఆర్విద్ భార్య. ఏప్రిల్ తర్వాత ఇదే మొదటిసారి. తోటలో ఉంది, నేరేడు లాంటి నల్ల పళ్ళేవో కోస్తోంది, వణుకు లేని గొంతు. అడిగాను, ఆర్విద్ పిల్లలకి అలా చెప్పేవాడని తెలుసా అని.

"తెలియకేం? జట్టు ప్రకటించిన రోజు ఇంటికి ఫోన్ చేసి కాసేపు ఏమీ మాట్లాడేవాడు కాదు. ఇవాళ ఎంతమంది తిట్టారు అనేదాన్ని. లెక్కపెట్టలేదు అనేవాడు."

"నువ్వు ఆపలేదా?"

"ఆపాను. ఎన్నిసార్లో. 'వాళ్ళు టోర్గున్‌ని ప్రేమిస్తేనే ఆడతారు బూదిల్, నన్ను ప్రేమించక్కర్లేదు' అన్నాడు. అయినా నీకు తెలుసనే అనుకున్నాను టోర్గున్."

నాకు తెలియదు అన్నాను.

ఇప్పుడు ఆ వాక్యం రాసి మళ్ళీ చదివాను. తెలియదు అని కాదు రాయాల్సింది. తెలుసుకోలేదు. భోజనాల దగ్గర పిల్లలు అతని బల్ల వదిలేసి నా బల్ల దగ్గరికి చేరేవాళ్ళు. అతను ఒక్కడే తినేవాడు. ఒంటరిగా తినడం ఇష్టమేమో అనుకున్నాను. పంతొమ్మిదేళ్ళు అలాగే అనుకున్నాను.

ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. గాలి మీదకి నెట్టడానికి లేదు.

జూలై 13, పొద్దున

రూనార్‌కి ముందుగా చెప్పాను. అతను నిజంగా భయపడ్డాడు.

"ఇవాళా? టోర్గున్, దణ్ణం పెడతా. ఆ పిల్లలు నీ కోసం గోడని గుద్దమన్నా గుద్దుతారు. మనకున్న బలమే అది. సాయంత్రం ఆట పెట్టుకుని దాన్ని నీ చేత్తో నువ్వే పడగొడతావా? వచ్చే వారం చెప్పుకో."

"వచ్చే వారం అందరం ఎవరిళ్ళలో వాళ్ళం ఉంటామేమో."

"అయితే ఉత్తరం రాయి!"

అతను చెప్పింది తప్పు కాదు. ఇన్నాళ్ళూ ఆర్విద్ కాపాడింది కూడా దాన్నే. దాన్ని పడగొట్టడం అతను పడ్డ కష్టాన్ని పడగొట్టడమే కాదా అని కూడా అనిపించింది. కానీ ఆ మాట నాకు చాలా సులువుగా తోచింది. నాకు సులువుగా తోచే మాటల్ని ఇప్పుడు నమ్మబుద్ధి కావడం లేదు.

పదింటికి చెబుతాను.

జూలై 14

నిన్న రాయలేకపోయాను. వేళ్ళు కూడా అలిసిపోతాయని నిన్న తెలిసింది.

అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఆర్విద్ మీ తలుపు తట్టి 'నేనే వద్దన్నాను' అన్న ప్రతిసారీ వద్దన్నది నేను. అతను కాదు. అతను అలా చెబుతున్నాడని నాకు నిన్నటిదాకా తెలియదు, తెలుసుకోవాలని నేను చూడలేదు కూడా. ఇంతే. కాగితం మీద రాసుకోలేదు, అందుకని మధ్యలో రెండుసార్లు ఆగాను.

యోరున్ గోళ్ళు చూసుకుంటోంది. రెండేళ్ళ కిందటి టోర్నమెంటు మొత్తం ఆమె బెంచీ మీదే ఉంది. ఆమె అమ్మమ్మకి అదే ఆఖరి వేసవి. మనవరాలు ఆడటం చూడాలని ఆవిడ టీవీ ముందు కూర్చునే ఉండేదట.

"నేను వాడి మొహం మీద తలుపేశాను," అంది యోరున్. "నీ దగ్గరికొచ్చి నీ భుజం మీద పడి ఏడ్చాను. గుర్తుందా? నువ్వు నా జుట్టు నిమిరావు."

"గుర్తుంది."

"అంటే నువ్వంత మంచిదానివేం కాదన్నమాట."

"కాదు."

"మంచిది." కుర్చీ వెనక్కి తోసి లేచింది. "ఇంకేమైనా ఉందా? లేకపోతే కాళ్ళు సాగదియ్యడానికి వెళ్ళాలి."

ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. నా పక్కనుంచే వెళ్ళారు, ఎవరూ ముట్టుకోలేదు. సిన్నె ఆఖరున వెళ్ళింది. బెంచీ మీద వేసుకునే కోటు చేతిలో ఉంది, సంచి లేదు.

బెల్జియం మీద గెలిచాం. 2–1.

ఎలా గెలిచామో చెప్పలేను. కోపంగా ఆడారు. నా వైపు ఒక్కరూ చూడలేదు, ఒకళ్ళనొకళ్ళు మాత్రం చూసుకున్నారు. తిరిల్ నిజంగానే గాలికి ఆయాసం తెప్పించింది. సిన్నె కోటు వేసుకుని గీత పక్కన నిలబడి, గొంతు పోయేదాకా ఆ పిల్లకి దారి చెబుతూనే ఉంది. "ఎడమ, ఎడమ, నీ ఎడమ కాదే, నా ఎడమ!" అని. స్టాండులో ముసలాయన టోపీ రెండు చేతుల్తో పట్టుకుని, బంతిని కాదు, కూతుర్నే చూస్తున్నాడు. నేను మార్పులు చేసేటప్పుడు మూడుసార్లూ సిన్నె నా వంక చూసింది. మూడుసార్లూ వేరేవాళ్ళని పంపాను.

విజిల్ పడ్డాక పిల్లలంతా ఒక కుప్పగా పడ్డారు. దగ్ని మీద పడ్డారు, రూనార్ మీద పడ్డారు, అతని ట్యాబ్ కింద పడి పగిలింది, అతను పట్టించుకోలేదు. నా చుట్టూ పదడుగుల జాగా అలాగే మిగిలిపోయింది. అక్కడ నిలబడి ఏం చెయ్యాలో తెలియక చెయ్యి జేబులో పెట్టాను, తీశాను. గడ్డి మీద నీళ్ళ సీసాలు పడున్నాయి. ఏరడం మొదలుపెట్టాను. గెలిచిన రోజుల్లో ఆర్విద్ ఎప్పుడూ ఇదే చేసేవాడు. నేను ఆ కుప్పలో ఊపిరాడక నవ్వుతూ, అతనికి సంబరాలంటే సిగ్గు కాబోలు అనుకునేదాన్ని.

సీసాలన్నీ ఏరేసరికి సిన్నె వచ్చి ఎదురుగా నిలబడింది. గొంతు బొంగురుపోయింది.

"గురువారం?"

"జర్మనీతో. తిరిలే ఆడుతుంది. నువ్వు లేవు."

"తర్వాత? సెమీస్ ఉంటే? ఫైనల్ ఉంటే? చివర్లో ఒక్క ఐదు నిమిషాలు?"

అవును అనడానికి ఒక్క క్షణం పట్టదు. చూద్దాంలే అనడానికి అది కూడా పట్టదు.

"లేదు సిన్నె. గెలవాల్సిన ఆటలో నిన్ను పంపను. నిర్ణయం నాది."

ఆమె నన్ను అలాగే చూస్తూ నిలబడింది. ఇన్నేళ్ళలో ఏ పిల్ల కళ్ళలోనూ నేను ఆ చూపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేకుండా జరిగిపోయింది.

తర్వాత తిట్టింది. బొంగురు గొంతుతో, యేరెన్ యాసలో, వాళ్ళ నాన్న స్టాండులోంచి చూస్తుండగానే. నన్నూ, నా పిరికితనాన్నీ, నా ఊరగాయ చేపనీ, నా చేతిలోని సీసాల బుట్టనీ, దేన్నీ వదలలేదు. సగం మాటలు నాకు అర్థం కాలేదు, మిగతా సగం అర్థమయ్యాయి. దగ్ని కూడా దూరం నుంచి తలెత్తి చూసింది. నేను తల దించుకోలేదు, సమాధానం చెప్పలేదు, కాలు మార్చలేదు. ఆమెకి ఊపిరి అయిపోయాక కోటు విప్పి నా బుట్టలో పడేసి బస్సు వైపు వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళూ నాకు రావాల్సిన తిట్లన్నీ వాడు తిన్నాడు. నిన్న నా వంతు నేను తిన్నాను. ఎలా ఉంటాయో ఇప్పుడు తెలిసింది ఆర్విద్. తెలిసిందని చెప్పుకుందామంటే నువ్వు లేవు.